సబ్బుకు వదలని నీలం

మీరే చేశారు ఇదంతా. పుట్టిన పిల్లను సరిగ్గా చూడకుండానే ‘అంతా బాగుంది’ అని ఇంటికి పంపిన ప్రసూతి వార్డు వాళ్ళు, తల్లి నోరు తెరవబోతే కసిరి కూర్చోబెట్టిన వాళ్ళు, మీరే.

ఆ తల్లిది బట్టలకు నీలిరంగు అద్దే పని. తొట్టెల్లో చేతులు ముంచీ ముంచీ మోచేతుల దాకా నీలమే. ఆ వీధిలో ఎవరి గోళ్ళు చూసినా అంతే. అందుకే పసిదాని గోళ్ళు నీలంగా కనిపిస్తే ఎవరూ ఉలిక్కిపడలేదు.

“ఇది అప్పుడే పనిలో చేరిందే అమ్మాయ్!” అని అత్తగారు మురిసిపోయింది. టీకాల నర్సు మాత్రం తల్లి చేతులు చూసి, ముందు అవి కడుక్కుని పిల్లను ముట్టుకోమని చీవాట్లు పెట్టింది. తల్లి సిగ్గుపడి, ఇంటికొచ్చి తన చేతులూ పిల్ల వేళ్ళూ ఎర్రబడేలా తోమింది. ఎర్రబడ్డవి తనవే. పాలు తాగుతూ పిల్ల చెమటలు పట్టి మధ్యలోనే వదిలేస్తే, తండ్రి బద్ధకం వచ్చిందని ఇంటిల్లిపాదీ నవ్వుకున్నారు. తల్లీ నవ్వింది.

ఒకనాడు స్నానం చేయిస్తుంటే పిల్ల గుక్కపెట్టి ఏడ్చింది. నోరంతా తెరిచింది.

“అత్తయ్యా, నాలుకకి రంగెలా అంటుకుంటుంది?”

అత్తగారు చెంబు అక్కడే పడేసి, తడి పిల్లను తువ్వాలులో చుట్టి ఆటో కోసం వీధిలోకి పరుగెత్తింది.

పెద్దాసుపత్రిలో గుండె డాక్టరు ఊపిరి అందేలా పిల్ల మోకాళ్ళు పొట్టకు ఆనించి పట్టుకున్నాడు. ఏడుపు సద్దుమణిగాక కాలి వేలికి రక్తంలో ఆక్సిజన్ కొలిచే క్లిప్పు తగిలించి, పరీక్షలన్నీ చేశాడు. గుండెలో రంధ్రముందట. ఊపిరితిత్తులకు రక్తం వెళ్ళే దారి ఇరుకట. పుట్టుకతోనే వచ్చిందట. పుట్టగానే ఈ క్లిప్పు పెట్టి ఉంటే అనుమానం అప్పుడే వచ్చేదట.

మరి ప్రసూతి వార్డులో ఇది లేదా అని తల్లి అడిగింది. ఉంది, పాడవుతుందని బీరువాలో పెట్టి తాళం వేస్తారని ఇదివరకు అక్కడ పనిచేసిన నర్సు మామూలుగా చెప్పింది. తల్లికి కాసేపు ఆమె పెదవులు కదలడమే కనిపించింది, మాట వినిపించలేదు.

ఆపరేషన్ చేస్తే పిల్ల బతుకుతుందని, కానీ పడకలు ఖాళీ లేవని, కబురు పెట్టేదాకా ఇంట్లో ఉంచుకోమని డాక్టరు అన్నాడు. పెద్దవాళ్ళతో మనకెందుకని అత్తగారు కొంగు లాగింది. తల్లి కదల్లేదు.

“ఇంటికి తీసుకెళ్ళను డాక్టరుగారూ. మళ్ళీ ఊపిరాడకపోతే నేనేం చెయ్యను? పడక లేకపోతే ఈ బల్ల మీదే పడుకోబెడతాను. ఆక్సిజన్ ఇక్కడికే తెప్పించండి. ఆపరేషన్ ఏ రోజో ఇప్పుడే, నా ముందే తేల్చండి.”