ఒకటీ పాయింట్ నాలుగు

మక్రూద్ పెట్టె మూత ఎవరు తీశారో, తను మాత్రం తీయలేదు, ఖర్జూరం తేనె వాసన బల్లంతా పాకిపోతోంది, మామూలు రోజైతే నోరూరేది, ఇవాళ పెట్టెను మోచేత్తో అవతలికి నెట్టింది, మిఠాయి పంపింది ఆలివ్ నూనె వ్యాపారి, అతని నూనె రిపోర్టే ఎదురుగా తెర మీద ఎర్రగా మండుతోంది, సంతకం చెల్లదు, మళ్లీ నొక్కినా సంతకం చెల్లదు, ఎందుకు చెల్లుతుంది, నూనె పరీక్షించి సంతకం పెట్టింది షెద్లియా, పెట్టినప్పుడు పులుపు, అదే నూనెలో ఆమ్లం, ఒకటీ పాయింట్ నాలుగు, ఇప్పుడేమో సున్నా పాయింట్ ఏడు, మొదటి రకం నూనె అనిపించుకోవడానికి ఎవడో అంకె దించాడు, దించాడు గానీ కింద సంతకాన్ని ఏం చేయలేకపోయాడు, వెధవ, కాగితం మీద గీసిన గీత అనుకున్నాడు, రిపోర్టులో ప్రతి అక్షరాన్నీ కంప్యూటర్లో కలిపి, తన ఒక్కదాని దగ్గరే ఉన్న రహస్య కీతో బిగించిన ముడి అది, ఒక్క చుక్క జరిపినా ఊడిపోతుంది, దానికి జతగా తను అందరికీ ఇచ్చిన బహిరంగ కీ చేతిలో ఉన్న ఎవడైనా దాన్ని పట్టేయొచ్చు.

వెనక నుంచి షెద్లియా కుర్చీ పట్టుకుని సీ లస్‌అద్, అంటే లస్‌అద్ గారు, ల్యాబు యజమాని, ఊపిరి మెడకు తగులుతోంది, అమ్మాయ్ షెద్లియా, నీ ప్రోగ్రాంకి పిచ్చెక్కింది, స్ఫాక్స్ రేవులో ఓడ కాచుకుని ఉంది, మధ్యాహ్నం నమాజు కల్లా కొనేవాళ్లు మన సైటు తెరిచి చూస్తారు, ఈ ఎరుపు కనబడితే నా పరువేం కావాలి అంటున్నాడు, పరువట, నూనెకే లేని నాణ్యం ఈయన పరువుకొచ్చిందా, ప్రోగ్రాం బాగానే ఉంది సీ లస్‌అద్, రిపోర్టుకే రోగమొచ్చింది అంది, పైకే అంది, పక్క బల్ల దగ్గర అన్వర్ కిసుక్కున నవ్వి ఆపుకున్నాడు, కంప్యూటర్ల పని చూసే అన్వర్, మంచివాడే, మంచితనం ఎవరు అడిగితే వాళ్లకి ఇచ్చేస్తాడు, అదీ జబ్బు, అక్కా దీనికింత రాద్ధాంతమెందుకు, సంతకం తప్పైతే దాన్ని సరిచూసే కోడు, ఆ లైబ్రరీ, అరుస్తుంది కదా, ఆ అరుపును పట్టుకుని మింగెయ్యమని రెండు లైన్లు రాస్తా, అంతా ఆకుపచ్చే అంటున్నాడు, నువ్వు రాసిన లైన్లు ఎరగనా నాయనా, పోయినేడు ఏం చేశావు, సంతకం సరైనదైతే లైబ్రరీ అవునని చెబుతుందనుకున్నావు, అది సరైనదైతే ఏమీ చెప్పదు, తప్పైతేనే కేకలేస్తుంది, నువ్వు అవును కోసం కాచుకుని కూచుంటే ఊళ్లో మంచి నూనెలన్నీ ఎర్రబడిపోయాయి, గానుగల వాళ్లు మెట్ల మీదే నిలబడి తిట్టారు, అప్పుడా తప్పు దిద్దింది ఎవరు, ఏ కాలేజీకీ పోకుండా, రోజంతా నూనె పరీక్షలు చేసి ఇంటికెళ్లి వంటింట్లో గిన్నెల మధ్య ఆ లైబ్రరీని ఎలా వాడాలో చెప్పే పుటలు చదివి నేర్చుకున్న షెద్లియా, అరుపు మింగడం నేర్చుకోవడానికా అదంతా.

మింగారు, తమ ఇంట్లో అందరూ మింగారు, అన్న నజీబ్‌ని పాత ప్రభుత్వం రోజుల్లో పోలీసులు ఎత్తుకెళ్లినప్పుడు అమ్మ మింగింది, నాన్న మింగాడు, చిన్నపిల్ల షెద్లియా గుమ్మం పట్టుకుని నిలబడింది, అన్న చేత ఖాళీ కాగితం మీద సంతకం పెట్టించుకుని పైన తమకు కావలసిన నేరమంతా రాసుకున్నారు, కోర్టులో జడ్జి, ఈ సంతకం నీదేనా అన్నాడు, నాదే, అయితే మాటలూ నీవే కూర్చో, అంతే, మాటలకీ సంతకానికీ ముడి లేని లోకం, పైన ఏది రాస్తే అది నీదైపోయే లోకం, నజీబ్ బయటికొచ్చాక అద్దె బండి తోలుకుంటున్నాడు, ఇప్పటికీ పెన్ను కనబడితే చేతులు జేబులో పెట్టుకుంటాడు, అందుకే, కంప్యూటర్ సంతకం లెక్క మొదటిసారి అర్థమైన రోజు తను పొయ్యి మీద పాలు పొంగిపోయినా లేవలేదు, మాట మారిస్తే చెల్లని సంతకం, దేవుడా, ఇలాంటిది ఒకటుందా, ఇది మా అన్నకెందుకు దొరకలేదు.

సరే ప్రోగ్రాం ముట్టుకోకు, సీ లస్‌అద్ గొంతు మెత్తబడింది, మెత్తబడితేనే భయం, కొత్త అంకె మీద నువ్వే ఇంకోసారి సంతకం పెట్టు, ఆ కీ నీ దగ్గరే కదా, నువ్వు మా ఇంటి ఆడపిల్లలాంటిదానివి, నీకు నష్టం రానిస్తానా, ఇంటి ఆడపిల్లట, ఇంటి ఆడపిల్ల చేత దొంగ సాక్ష్యం చెప్పిస్తావా, పెట్టను, ఏమన్నావు, పెట్టను అన్నాను, చెవులకి నూనె కావాలా, అన్వర్ ఈసారి నవ్వలేదు, సీ లస్‌అద్ మొహం నల్లబడింది, అయితే నీ సంచి సర్దుకో, ఈ ఊళ్లో ఏ ల్యాబూ నిన్ను గుమ్మం తొక్కనివ్వదు, చెప్పి ఫోన్ పట్టుకుని వరండాలోకి పోయాడు, వ్యాపారికి చెప్పుకోవడానికి, తొక్కనివ్వకపోతే మానె, ఇల్లెలా గడుస్తుందో, అమ్మ మందులు, అబ్బ ఆ ఆలోచన ఇప్పుడొద్దు, సంచి సర్దుకుని వెళ్లిపోతే చాలా, వెళ్లిపోతే రేపు ఇంకెవరి పేరునో ఇంకో కీ చేయిస్తారు, ఇంకో సంతకం, ఓడ కదులుతుంది, తను నోరు మూసుకుని వెళ్లడం వాళ్లకి కావలసిందే.

ఒక ఖాళీ ఫైలు తెరిచి కొట్టింది, సున్నా పాయింట్ ఏడు అని ఉన్న రిపోర్టు నాది కాదు, నేను పరీక్షించిన నూనె పులుపు ఒకటీ పాయింట్ నాలుగు, కింద పూర్తి పేరు, షెద్లియా త్రీకీ, అంతే, అక్కా ఏం చేస్తున్నావు, అన్వర్ గుసగుస, కళ్లుంటే చదువు, అక్కా ఆయన వస్తాడు, రానీ, రహస్య కీ తెరవడానికి పాస్‌వర్డ్ కొట్టాలి, వేళ్లు వణుకుతున్నాయి, తప్పు పడింది, పాడు వేళ్లు, ఇంత మాట్లాడి ఇప్పుడా వణకడం, మళ్లీ కొట్టింది, తెరుచుకుంది, సంతకం చేసింది, తన బహిరంగ కీతో సరిచూసింది, లైబ్రరీ ఏమీ అనలేదు, అరవలేదు, సరైనదే, రేవు అధికారులకీ కొనేవాళ్లకీ, ఆ బహిరంగ కీ ఉన్న వాళ్లందరికీ పంపేసింది, వరండాలో అడుగులు దగ్గరవుతున్నాయి, చెయ్యి ఇంకా వణుకుతూనే ఉంది, వణకనీ, పంపిన సంతకంలో ఆ వణుకు ఎక్కడుంది, ఏ ఊళ్లో ఎవడు సరిచూసినా కనబడదు, భయం లేని వాళ్లే ఎదురు తిరుగుతారని, తనకంత గుండె లేదని ఇన్నేళ్లు ఎదురు తిరగకుండా ఆగింది, ఎంత పిచ్చిది, వణుకుతూ పెట్టినా చెల్లుతుంది.