ఇంటర్ దాటనివారే కావలెను

జూబ్లీ హిల్స్‌లో మంచి పనికి మనుషులు దొరకరన్నది అబద్ధం. దొరుకుతారు. మర్నాటికి ఉండరు, అంతే. ఈ సంగతి జగదాంబకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

వెంగళరావు నగర్లో చూపులేని ఆడపిల్లల హాస్టలు ఒకటుంది. ఆ పిల్లలు నోటితో జవాబులు చెబుతుంటే పక్కన కూర్చుని పరీక్ష రాసిపెట్టేవాళ్ళను స్క్రైబులంటారు. అలాంటివాళ్ళను పోగుచేసి పంపడం జగదాంబ నెత్తినేసుకున్న పని. జీతం రాని పని కాబట్టి భర్త సత్యనారాయణ దాన్ని గౌరవంగా ‘మీ ఆఫీసు’ అంటాడు.

ఒకప్పుడు ఆ ఆఫీసు సజావుగానే నడిచింది. చదువు మధ్యలో ఆపి కాపురానికొచ్చిన ఇల్లాళ్ళు వీధికి నలుగురుండేవారు. రెండు పెసరట్లు, ఒక కాఫీ, ‘నువ్వు లేకపోతే ఈ పిల్లలేమైపోయేవారే’ అనే మాట ఒకటి. ఏళ్ళ తరబడి వచ్చేవారు. ఇప్పుడు తీరిగ్గా ఉన్నామని ఒప్పుకునే మనిషే లేదు. కాలేజీ పిల్లలు వస్తారుగాని, సర్టిఫికెట్టుకు కావలసిన గంటలు నిండగానే స్టాపు రాగానే బస్సు దిగినట్టు దిగిపోతారు. వాట్సాప్ గ్రూపు మాత్రం పెరుగుతూనే ఉంది. ఏది అడిగినా అందరూ బొటనవేలు చూపిస్తారు. ఆ వేళ్ళలో కలం పట్టేది ఒక్కటీ లేదు.

హాస్టల్లో ఉండే శ్రీనిధి డిగ్రీ ఆఖరి పరీక్షలు రేపనగా సాత్విక ఫోన్ చేసింది. రాసిపెడతానని మాటిచ్చిన ఇంటర్ పిల్ల.

“ఏమనుకోకండి ఆంటీ, ఆడిషన్‌కి పిలిచారు.”

“పరీక్ష రేపమ్మా.”

“ఆడిషనూ రేపే ఆంటీ.”

రెండూ ఒకే రోజు పెట్టింది జగదాంబే అన్నట్టుంది ఆ గొంతు.

పోయినేడు కూడా స్క్రైబు రాకనే శ్రీనిధి పరీక్ష తప్పింది. ఈసారీ తప్పితే హాస్టల్లో చోటు పోతుంది. జగదాంబ గ్రూపులో పెట్టింది: ‘రేపు పొద్దున డిగ్రీ పరీక్షకు స్క్రైబు కావాలి. ఇంటర్ దాటనివారే కావాలి.’ పరీక్ష ఎవరిదో వాళ్ళకంటే రాసేవాళ్ళ చదువు ఒక మెట్టు తక్కువుండాలని రూలు.

ఆ గ్రూపు పుట్టాక అంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు. బొటనవేళ్ళు సైతం లేవలేదు. హరిణి ఒక్కతే ఫోన్ చేసి, “నాది ఎం.ఫిల్ కదండీ, లేకపోతే వచ్చేసేదాన్ని” అంది. ఆవిడ ఎం.ఫిల్ సంగతి తెలియనివాళ్ళు గ్రూపులో లేరు.

సాయంత్రం జగదాంబ ఆటో ఎక్కి ఫిల్మ్ నగర్లో నిర్మాత రవిచంద్ర ఇంటికి వెళ్ళింది. హాస్టలుకు కుర్చీలిచ్చిన మనిషి.

“మీ అసిస్టెంట్ డైరెక్టర్లలో ఇంటర్‌తో ఆపేసినవాళ్ళెవరైనా ఉన్నారా బాబూ?”

“అందరూ బి.టెక్కులేనండీ. మా కథా చర్చలు వింటే మీకు అనుమానం రావచ్చుగాని, పట్టాలైతే ఉన్నాయి.”

ఆయన భార్య భువన గేటుదాకా సాగనంపడానికొచ్చింది. పెళ్ళికి ముందు చాలా సినిమాల్లో హీరోయిన్ స్నేహితురాలు. ఇంగ్లీషులో ఎమ్మే చేసిందని పత్రికలు రాసేవి.

“పిన్నిగారూ, చేతిరాత బాగుండాలా?”

“చదవగలిగితే చాలమ్మా.”

“పదో తరగతి సరిపోతుందా?”

“భేషుగ్గా. తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా?”

భువన గేటు గడియ వంక చూసింది. “ఉన్నారు.”

జగదాంబకు అర్థమైంది. అర్థమైనట్టు కనబడకపోవడం ఆవిడ ఆఫీసులో మొదటి పాఠం.

“ఎమ్మే అని పత్రికవాళ్ళే రాశారు. చదివి ఈయన మురిసిపోయారు. ఇంటర్ పరీక్షలప్పుడు నేను ఊటీలో హీరోయిన్ వెనకాల గొడుగు పట్టుకుని నిలబడున్నాను. పెళ్ళయ్యాక కాదని చెప్పే సందర్భం రాలేదు.”

“నేనెవరికీ చెప్పను.”

“అక్కడెవరూ గుర్తుపట్టరు కదా?”

“హీరోయిన్ పక్కనున్నవాళ్ళను ఎవరు చూస్తారమ్మా” అనేసి జగదాంబ నాలిక్కరుచుకుంది.

ఎవరూ చూడకపోయినా మర్నాడు పరీక్ష కేంద్రంలో చీఫ్ సూపరింటెండెంటు చూశాడు.

“మేడం, మీరు సినిమాల జేసిండ్రు గదా? మా ఇంటామెకు మీరంటే శానా ఇష్టం” అని ఫోటో దిగాడు. దిగాక ఆయన ముఖం మారింది. “గని మీరు ఎమ్మే గదా మేడం. నేనే పేపర్ల చదివిన. గట్ల కుదరది. రూల్ ఒప్పుకోదు.”

వరండా నిండా పిల్లలు. సగం మంది చేతుల్లో ఫోన్లు. భువన మోచెయ్యి పట్టుకుని నిలబడ్డ శ్రీనిధి, “అక్కా, బెల్లు గొడ్తున్నరు” అంది మెల్లగా.

జగదాంబ ఏదో ఒకటి అల్లుదామని నోరు తెరిచింది. ఈలోగా భువన హ్యాండ్‌బ్యాగులోంచి మార్కుల మెమో తీసి ఆయన చేతిలో పెట్టింది.

“పదో తరగతే సార్. ఎమ్మే కాదు కదా, ఇంటర్ కూడా లేదు. తప్పడం కాదండీ, అసలు పరీక్షకే కూర్చోలేదు.”

కథానాయికలు మాట్లాడేటప్పుడు వెనక నిలబడి నేర్చుకుందో ఏమో, ఆ మాట వరండా చివరిదాకా వినిపించింది. సూపరింటెండెంటు మెమోను రెండు వైపులా తిప్పి చూసి, నిట్టూర్చి, “పేపరోళ్ళను నమ్మొద్దు మేడం” అని లోపలికి పంపాడు.

పరీక్ష నడుస్తుండగానే ఆ వీడియో గ్రూపులోకి వచ్చేసింది. బొటనవేళ్ళన్నీ తిరిగి లేచాయి. జగదాంబ చెట్టు నీడన కూర్చుని చూస్తుండగా ఇద్దరు విడిగా మెసేజి పెట్టారు: ‘నాదీ ఇంటరేనండీ. ఎవరితో అనకండి. రేపు ఎన్నింటికి రావాలి?’

చివరి బెల్లు కొట్టాక ఇద్దరూ బయటికొచ్చారు. భువన ఫోన్ తెరిచి, రవిచంద్రతో పక్కకెళ్ళి మాట్లాడి వచ్చింది.

“ఏమన్నారమ్మా ఆయన?” అంది జగదాంబ బెరుగ్గా.

“పదిలో ఎన్ని మార్కులొచ్చాయని అడిగారు.”

“మరి నువ్వు?”

“ఇంటికొచ్చాక చెబుతానన్నాను. ఇప్పుడే అన్నీ చెప్పేస్తే ఎలా?”

శ్రీనిధికి వేరే ఫిర్యాదుంది. “అక్క రాస్త రాస్త ఆగుతది ఆంటీ. ‘అవునా, నిజంగనే?’ అని నన్నడుగుతది. పానిపట్టు యుద్ధం కాడ టైం మస్తు పోయింది.”

“మరి పేపరు?”

“మొత్తం రాసినం. రేపు గూడ అక్కనే రావాలె.”

“వస్తాను. గంట ముందొస్తాను, ఆ పాఠమేదో నాకు ముందే చెప్పెయ్” అని భువన జగదాంబ వైపు తిరిగింది. “పిన్నిగారూ, నేనిప్పుడు ఇంటర్ కట్టవచ్చా?”

జగదాంబ మనసులో రూలు ఒకసారి నెమరేసుకుంది. డిగ్రీ పిల్లలకు రాసేందుకు ఇంటర్ అడ్డు రాదు.

“తప్పకుండా కట్టమ్మా. పుస్తకాలు నేనే తెచ్చిపెడతాను.”

“ఆ తర్వాత డిగ్రీ కూడా...”

“డిగ్రీకేం తొందరమ్మా” అంటూ జగదాంబ ఫ్లాస్కులోని కాఫీ కప్పు నిండుగా పోసి ఆమె చేతికిచ్చింది.