భార్యచేఁ జేయించిన పథ్యము

చైత్ర శుద్ధ నవమినాఁటి మధ్యాహ్నమున భానుఁడు నడినెత్తి నెక్కి నిప్పులు చెరుగుచుండఁగా అనకాపల్లి వీధులయందలి తారు మెత్తబడి బాటసారుల చెప్పుల కంటుకొనుచుండెను. వేపచెట్ల పలుచని నీడలయందు రిక్షాలు నిలిచియుండెను. బెల్లపు మండీలనుండి వీచు గాలి మధురముగా మెడకుఁ జుట్టుకొనుచుండెను. వీధి వీధిని వెలసిన పందిళ్లయందు కొత్తబెల్లము యాలకులు మిరియములు కలిపిన పానకము ఇత్తడి గుండిగలనిండ నిండి సీతారాముల కల్యాణము ముగియు గడియకై యెదురుచూచుచుండెను. ఊరెల్ల బెల్లముతోఁ బ్రతుకు నా పట్టణమున బెల్లమును విషమని బహిరంగముగాఁ బలుకఁగల ధీరుఁడు ఒక్కఁడే యుండెను. అతఁడు విశ్రాంత డిప్యూటీ తహసీలుదారు త్రివిక్రమరావు.

ఉద్యోగమున నున్నన్నాళ్లు సంతకము చేయుట తప్ప వేఱొక శ్రమ నెఱుఁగని యా మహానుభావునకు పదవీ విరమణానంతరము ఆజ్ఞాపించుటకు మనుష్యులు కఱవైరి. బంట్రోతులు లేని యధికారి యింటియిల్లాలిపైఁ బడుట వింత గాదు. ఆయన సహధర్మచారిణి మాణిక్యాంబకు పండ్రెండేండ్లనుండి మధుమేహము. అరికాళ్లు నిరంతరము మండుచుండుటచే ఆమె తడిగుడ్డ చుట్టుకొని కాని నిద్రింపలేకుండెను. అన్నేండ్లు ఆ మంట నెన్నఁడును విచారింపని భర్త ఒకానొక దినమున సెల్‌ఫోనులో కీటో పథ్యమును గూర్చి మూఁడుపన్యాసములు పూర్తిగాను నాలవది సగమును విని వైద్యుఁడై లేచెను. ఆ మిగిలిన సగమున నేమున్నదో తెలిసికొనవలెనన్న కుతూహలము ఆ బుద్ధిమంతునకుఁ గలుగలేదు.

నాఁటినుండి మాణిక్యాంబ కంచమునుండి అన్నము ఇడ్లీ అరటిపండు బహిష్కృతములయ్యెను. గ్రుడ్లును పనీరును కొబ్బరియు నేతిలో వేఁగిన బెండకాయలును చేపముక్కలును ఆ స్థానము నాక్రమించెను. తాను మాత్రము ప్రతిదినము ఉదయపు నడక ముగిసినంతనే నాలుగురోడ్ల కూడలి హోటలునఁ గూర్చుండి పెసరట్టులో ఉప్మా పెట్టించుకొని భుజించుచు భార్య నిగ్రహమును గూర్చి మిత్రులకు బోధించుచుండెను. తనకు మధుమేహము లేదు గావున పథ్యము తన కక్కఱలేదనియు దానిని నడిపించు నాయకత్వమే తన వంతనియు ఆయన సిద్ధాంతము. సిగ్గు అను పదార్థము ఏ హోటలునను దొరకదు గదా.

నిజము చెప్పవలయునన్న పథ్యము ఫలించెను. రెండు మాసములు తిరుగునప్పటికి మాణిక్యాంబ నడుము సన్నగిల్లెను. అరికాళ్ల మంట చల్లారెను. పండ్రెండేండ్లకు మొదటిసారి ఆమె చెప్పులు లేకుండ గచ్చుపై నడిచి ఆ చల్లఁదనమునకు ఒంటరిగా నవ్వుకొనెను. ఆ నవ్వు నెవ్వరును జూడలేదు. భర్తకు వలసినది నవ్వు గాదు, అంకె. ఆయన ప్రతి యుదయమున భార్య వ్రేలు గ్రుచ్చి చక్కెర కొలిచి వచ్చిన యంకెను కొడుకు పరీక్షలోఁ దెచ్చుకొన్న ర్యాంకువలె నడకసంఘమునకు మోసికొనిపోవుచుండెను. నూటయెనుబది నూటయిరువదియై అది తొంబదియై డెబ్బదికి దిగెను. అంకె దిగినకొలఁది ఆయన ఛాతి పొంగుచుండెను. దానికి దిగరాని మెట్టు ఒకటి కలదని ఆయన యెఱుఁగఁడు.

అన్నము మానినను చక్కెర తగ్గించు మాత్రలు రెండును మునుపటివలెనే మ్రింగుచున్నాననియు, ఒక్కొక్కప్పుడు చేతులు వణఁకుచున్నవనియు, ఆ మాత్రలు వ్రాసిన డాక్టరమ్మ నొకసారి యడిగిన బాగుండుననియు మాణిక్యాంబ రెండు మూఁడు పర్యాయములు మెల్లగా విన్నవించుకొనెను. పథ్యమొక చేయి మాత్రయొక చేయి యనియు, రెండు చేతులతోఁ గొట్టినఁగాని శత్రువు చావఁడనియు ఆయన తీర్పు చెప్పెను. శత్రువుతోఁబాటు ఇల్లాలును జావవచ్చునన్న యూహ ఆ మస్తకమునఁ బొడమలేదు.

నవమి ఆ పథ్యమునకు నూఱవ దినమయ్యెను. నడకసంఘమువారు కల్యాణపు పందిరియందే త్రివిక్రమరావునకు శాలువా కప్పి సన్మానింప నిశ్చయించిరి. ఒకరు తినక మానినందులకు వేఱొకరిని సన్మానించుట యెట్లని ఆ విజ్ఞులలో నొక్కఁడును బ్రశ్నింపలేదు. పండుగనాఁటి యుపవాసముచే అంకె మఱింత దిగి సభకు శోభ గూర్చునని తలఁచి ఆయన ఉదయమున భార్యకు పచ్చినీరు తప్ప వేఱొండు ముట్టనీయక పరగడుపుననే మాత్రలు రెండును వేయించి వేదికప్రక్కను నిదర్శనముగా నిలువఁబెట్టెను.

మంగళసూత్రధారణ ముగిసి శాలువా విప్పఁబడునంతలో మాణిక్యాంబకు చెమట ధారలు గట్టెను. మైకులోని మాటలు ఎక్కడనో నూతిలోనుండి వచ్చునట్లు వినవచ్చుచుండెను. పానకము పంచుచున్న పొరుగింటి వరహాలమ్మ ఆ మొగము చూచి గ్లాసుతో పరుగునవచ్చి “వదినా, మొగమున నెత్తురు లేదు. ఒక్క గుక్క త్రాగుము” అనెను.

త్రివిక్రమరావు కప్పిన శాలువాతోనే వేదిక దిగివచ్చి ఆ గ్లాసును మధ్యలోనే యందుకొనెను. “నూఱవ దినమున బెల్లమా? సభలో నా పరువు పోవును మాణిక్యం. సన్మానము ముగియువఱకు ఓర్చుకొనుము” అని నవ్వు చెదరనీయక చెవిలోఁ బలికెను.

ఆమెకు భర్త ముఖము మసకగాఁ దోఁచెను. మాట మాత్రము స్పష్టముగా వినఁబడెను. ఈయన పరువుకొఱకు నిలుచుండియే చచ్చెదనేమో యన్న భయమును, దానిని మించిన రోఁతయు ఆమెను గదిపెను. ముప్పదేడేండ్ల కాపురమున భర్తచేతినుండి ఏ వస్తువును లాగికొని యెఱుఁగని యా యిల్లాలు ఆ గ్లాసును లాగికొనెను. సగము కొత్తశాలువాపై నొలికెను. మిగిలిన సగమును త్రాగి వరహాలమ్మ తెచ్చియిచ్చిన రెండవ గ్లాసును నందుకొని పందిరి నడుమఁ జాఁపపైఁ గూలఁబడెను.

సభలోనున్న యొక కాంపౌండరు ఆమె వ్రేలు నీటఁ గడిగి తుడిచి త్రివిక్రమరావు సభకుఁ జూపఁదెచ్చిన కొలత యంత్రముతో రక్తము పరీక్షించి నలువదినాలుగని వెఱచుచుఁ బలికెను. ఆ యంకె చెవినిఁ బడినంతనే, సిగ్గుగాని భయముగాని పుట్టుటకు మునుపే, త్రివిక్రమరావు కన్నులలో గర్వము తటాలున మెఱసెను. వరహాలమ్మ దానిని జూచి మొగము త్రిప్పుకొనెను. ఎదిగిన మనుష్యునియందు అంతటి నీచత్వమును ఆమె అంతకుమున్ను జూచి యెఱుఁగదు.

ఆ సాయంకాలమే వరహాలమ్మ తోడుగా మాణిక్యాంబ డాక్టరు శశిరేఖకడ కేఁగెను. త్రివిక్రమరావు పిలువకయే వెంటవచ్చెను. డాక్టరమ్మ సమస్తము విని, అన్నము మానిన వారముననే యీ మాత్రలు తగ్గింపవలసియుండెననియు, పథ్యమునందు దోషము లేదనియు, కూరగాయలు ఉప్పు నీరు తగినంతగా నుండి మందులు ఎప్పటికప్పుడు సరిచూచుకొనుచున్న యీ పథ్యము మేలే చేయుననియు వివరించి, ఒక మాత్రను గొట్టివేసి రెండవదానిని సగము చేసి, ఇఁక కొనసాగింతురాయని యడిగెను.

“కొనసాగించును” అని త్రివిక్రమరావు బదులిచ్చెను.

“నేనడిగినది మిమ్ముఁ గాదు” అని డాక్టరమ్మ మాణిక్యాంబవైపు తిరిగెను.

మాణిక్యాంబ తన పాదములవైపుఁ జూచుకొని తల యెత్తి “పథ్యము మంచిదేనమ్మా. నా కాళ్ల మంట పోయినది. నేను మానను. మీరు మాన్పవలసినది ఈయనను” అనెను.

డాక్టరమ్మ చీటి వ్రాసెను. దాని నందుకొనుటకు త్రివిక్రమరావు అలవాటు చొప్పునఁ జేయి చాఁపెను. ఆ చేతిని దాఁటించి ఆమె చీటిని మాణిక్యాంబ చేతికిచ్చెను. చాఁపిన చేతిని ఏమిచేసికొనవలయునో తెలియక ఆ విశ్రాంతాధికారి గోడపైనున్న క్యాలెండరును సవరించెను. నోరు కట్టుకొను దేహ మొకటియు కీర్తి మెక్కు దేహము వేఱొకటియు నైనచోట ఎంతటి మంచి పథ్యమైనను విషమే యగును.