ఆయన జేబులో మిగిలిన ప్రశ్న

ఎవరు గడప దాటినా వీధి మలుపు తిరిగేదాకా చూడందే నాకు మనసు నిలవదు. మా ఆయన దానికి నవ్వేవాడు. ముప్పై ఏళ్లు మా చుట్టుపక్కల ఊళ్ల మండలిలో సభ్యుడిగా ఉన్న మనిషి. సమావేశానికి వెళ్లిన ప్రతిసారీ, "ప్రశ్న అడిగేసి వచ్చేస్తానే" అనేవాడు. ఆఖరిసారీ అదే అన్నాడు. మండలి ఆఫీసు మెట్ల మీదే కుప్పకూలాడు. చొక్కా జేబులో ప్రశ్న రాసిన కాగితం మడత విప్పకుండానే ఇంటికొచ్చింది.

అది మా ఆసుపత్రిలో కాన్పుల గది గురించి. నెలాఖరుకు పై ఆఫీసువాళ్లు గది మూసేసి, నర్సమ్మను పట్నానికి పంపేస్తారట. పట్నం నలభై మైళ్లు. నా పెద్ద కూతురు ఆ దారిలోనే, జీపులో, నొప్పులు పడుతూ పోయింది. ఆ తరవాతే ఆయన పదేళ్లు కొట్లాడి ఆ గది తెచ్చాడు.

మండలిలో సంతాప సభకు నన్ను పిలిచారు. అధ్యక్షుడు ఆయన చేతికింద పని నేర్చుకున్నవాడే.

"ఆ ప్రశ్న మాటేమిటి నాయనా?" అన్నాను.

"సభ్యుడు పోతే ఆయన ప్రశ్న కూడా రద్దయిపోతుంది పిన్నీ. రూలు. ఇవాళ వేరే చర్చలు పెట్టకూడదు. మీరు ఆయన గురించి నాలుగు మంచి మాటలు చెప్పండి చాలు."

నేను బడి మొహం చూడలేదు. ఆయన తెచ్చే మండలి కాగితాల మీద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదువు నేర్చుకున్నాను. కథల పుస్తకాలకంటే ముందు చదివింది మండలి రూళ్ల పుస్తకమే. సంతాప తీర్మానంలో ఇంటివాళ్ల మాటలు ఉన్నవి ఉన్నట్టు చేర్చాలి. సభ్యులు లేచి నిలబడితే తీర్మానం నెగ్గినట్టే. కాపీ పై ఆఫీసుకు వెళ్లాలి. అదీ రూలే.

లేచాను. కాగితం విప్పి చదివాను.

"పట్నం దారిలో ఇంకెంతమంది ఆడపిల్లలు పోతే ఆ గది అవసరమని ఒప్పుకుంటారు? ఇది ఆయన మాట. ఇక నా మాట. ఆ గది మూయడానికి వీల్లేదు. రాసుకో, గుమాస్తా బాబూ."

"పిన్నీ, ఇది సంతాపమా, కొట్లాటా?"

"ఆయనతో కాపురం చేసినదాన్ని, నాకు రెండిటికీ తేడా తెలీదు. నీ కొడుకు పుట్టిన రోజు ఆ గది గుమ్మంలో నువ్వే కదయ్యా గంతులేశావు? సంతాపం తెలిపేవాళ్లు లేవండి. ఇష్టంలేనివాళ్లు ఆయన ఫోటో వైపు చూస్తూ కూర్చోండి."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. కుర్చీలు కిర్రుమన్నాయి. అందరూ లేచారు. అధ్యక్షుడు అందరికంటే ఆఖరున, మోకాళ్ల నొప్పులవాడిలా లేచాడు.

"ఇక బయల్దేరండి పిన్నీ, కారు పంపిస్తాను."

"రాసింది చూసి పోతాను."

కళ్లజోడు పెట్టుకుని గుమాస్తా పుస్తకం మీద వేలు పెట్టాను. మూడో వరసలో వేలు ఆగింది. "మూయడానికి వీల్లేదు" అని ఉండాల్సినచోట "మూసివేత విషయం పరిశీలించవలెను" అని ఉంది.

"ఇదెవరి మాట?"

"అలా రాయడం అలవాటండీ." గుమాస్తా అధ్యక్షుడి వైపు చూశాడు.

"పరిశీలిస్తాం, పరిశీలిస్తాం అనే ముప్పై ఏళ్లూ ఆయన్ని ఇంటికి పంపారు. కొట్టేయ్."

కొట్టేశాడు. పైన సరిగా రాశాడు. అధ్యక్షుడు సంతకం పెట్టేదాకా నేను ఆ బల్ల దగ్గర్నుంచి కదల్లేదు.

"కాపీ ఎప్పుడు వెళ్తుంది?"

"సోమవారం బస్సుకి పంపిస్తాం పిన్నీ. మీరు నిశ్చింతగా ఉండండి."

"సోమవారం నేనూ బస్టాండుకి వస్తాను. ఆ బస్సు మలుపు తిరిగేదాకా చూడందే నాకు మనసు నిలవదు."