గొట్టం వెంట పోయిన వీధి

యంత్రం గొట్టాన్ని గజం లాగినప్పుడల్లా రేవు పక్కనున్న లంగరు వీధి ఒక గజం పొట్టిదవుతోంది.

వీధిని తవ్వడం లేదు. ఈ చివర ఒక గొయ్యి, ఆ చివర ఒక గొయ్యి, అంతే. ఎనభై ఏళ్ళ నాటి ఇనుప మంచినీళ్ళ గొట్టాన్ని లోపలి నుంచే పగలగొడుతూ, దాని దారిలోనే కొత్త నల్ల గొట్టాన్ని లాక్కొస్తున్నారు. దుమ్ము లేదు. ఆటోలు ఆగలేదు. అందరూ సంతోషంగానే ఉన్నారు.

ముప్పై ఏళ్ళుగా ఆ వీధికి నీళ్ళు వదిలే అసిరయ్య మాత్రం గోతుల మధ్య అడుగులు లెక్కపెడతాడు. నాలుగొందలు ఉండాలి. నూట పది ఉన్నాయి.

"ఈది తరిగిపోతంది సార్," అని ఇంజనీరుతో చెబుతాడు.

ఇంజనీరు టేపు చూసుకుంటాడు. "గొట్టం సరిగ్గానే వస్తోందిగా. మన కాంట్రాక్టులో వీధి లేదు, అసిరయ్యా."

నిజమే, లేదు.

అసిరయ్య వీధి మధ్యలో ఉన్న అక్క నీలమ్మ ఇంటికి పరిగెత్తుతాడు. ఇల్లు బీరువా అంత వెడల్పే మిగిలింది. నీలమ్మ పక్కకి తిరిగి నిలబడి, కుళాయి కింద బిందె పెట్టుకుని ఉంది.

"అప్పా, ఎల్లిపోదాం రా."

"పాత గొట్టంలో సుక్క రాక పదకొండేళ్ళు ట్యాంకరెనకాల పరిగెత్తేను. కొత్త గొట్టమేస్తే గుమ్మంలోకే నీళ్ళొస్తాయని సెప్పింది నువ్వే కదేటి? ఒచ్చేదాకా కదల్ను."

"నీళ్ళొచ్చేసరికి ఇల్లుండదప్పా."

"ఇల్లు లేకపోతే నీళ్ళెవరికొదుల్తావు మరి?"

అసిరయ్య ఆమె చెయ్యి పట్టుకుని లాగుతాడు. యంత్రం కూడా లాగుతుంది. దాని బలం ఎక్కువ.

సాయంత్రానికి రెండు గోతులూ ఒకటవుతాయి. ఈ చివరి మిఠాయి కొట్టుకీ ఆ చివరి టైలరు షాపుకీ ఒకటే గోడ. ఇన్నాళ్ళకు పరిచయమయ్యామని యజమానులిద్దరూ నమస్కారాలు పెట్టుకుంటారు. నీలమ్మ గురించి ఎవరూ అడగరు.

"వాల్వు తిప్పు," అంటాడు ఇంజనీరు.

తిప్పకపోతే అక్కకిచ్చిన మాట పోతుంది. తిప్పితే ఎవరికి వదులుతున్నట్టో తెలియదు. అసిరయ్య ఏడుస్తూనే తిప్పుతాడు.

నీళ్ళు రావు. బొటనవేలంత ఆడవాళ్ళు వస్తారు, తడి చీరలతో, చంకలో ఖాళీ బిందెలతో, వరుస తప్పకుండా. ఒక్కొక్కరే అతని అరచేతిలోకి ఎక్కి, "ఇది ఏ ఈది బావూ?" అని అడిగి, దిగి సముద్రం వైపు నడిచిపోతారు. అసిరయ్య మోకాళ్ళ మీద కూర్చుని ప్రతి ముఖాన్నీ వెతుకుతాడు. వెనక ఇంకా వస్తూనే ఉన్నారు.

ముందు వెళ్ళినవాళ్ళు అప్పుడే సముద్రంలో బిందెలు ముంచుతున్నారు. రేవులో ఓడలు ఒకదాని తర్వాత ఒకటి బురదలోకి ఒరిగిపోతున్నాయి.