వైఫై లేని కెమెరా

నర్సమ్మ దినాల నాడు వాళ్ల గోడకు పెట్టిన ఫొటో చూసేసరికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నర్సమ్మ మా పక్క గదిలో ఉండేది. ఆమె నవ్విందంటే గల్లీ చివర ఇస్త్రీ బండి దాకా వినిపించేది. అలాంటి మనిషికి పోయాక పెట్టడానికి ఇంట్లో ఒక్క ఫొటో లేదట. ఆధార్ కార్డు మీది బొమ్మనే పెద్దది చేయించి దండ వేశారు. ఆ కార్డులో ఎంతటివాళ్లయినా ఎలా కనిపిస్తారో మీకు చెప్పక్కర్లేదు. అప్పుడే పట్టుబడిన దొంగల్లా ఉంటాం అందరం.

నా పక్కనే కూర్చున్న అవ్వ కూడా ఆ ఫొటోనే చూస్తోంది. అవ్వ అంటే మా ఆయన ప్రథమేశ్‌కు నాయనమ్మ, పేరు గంగాబాయి. ఆ రోజు అన్నం కూడా సరిగా తినలేదు. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, "నర్సి దొంగ లెక్క కూసున్నది గోడ మీద," అంది. అని, మా గోడకున్న తాత ఫొటో వైపు చూసింది.

తాత లస్మయ్య ఫొటోది ఇంకో కథ. ఎవరి పెళ్లిలోనో గుంపుగా దిగిన దాంట్లోంచి ఆయన్ని కత్తిరించి ఫ్రేము కట్టించారు. ఆయన భుజం మీద ఒక చెయ్యి మాత్రం మిగిలిపోయింది. అది ఎవరి చెయ్యో ఈనాటికీ తేలలేదు. ఏటా పెత్రమాసకు, పెద్దలకు పెట్టుకునే అమావాస్య నాడు, తాతతో పాటు ఆ చేతికీ బొట్టు పెడుతున్నాం.

అవ్వకు ఆ మాత్రం కూడా లేదు. ఎవరైనా ఫోన్ పైకెత్తితే చాలు, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంటుంది. మా పెళ్లి ఆల్బమ్‌లో అవ్వ ఉన్న చోటల్లా ఒక ఆకుపచ్చ కొంగు ఉంది, అంతే. సర్కారు మెషిను కనుక ఆధార్‌కు ఒక్కసారి తప్పక ముఖం చూపించింది. నేను ముంబైలోనే వర్లీ చాళ్లలో, ఒంటిగది ఇళ్ల వరసల్లో, పుట్టి పెరిగి కామాటిపురకు కోడలిగా వచ్చినదాన్ని. అవ్వది పాతకాలపు సిగ్గు కాబోలనుకున్నాను.

నాకేమో ఫొటోల పిచ్చి. వారమంతా గ్రాంట్ రోడ్‌లో పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చుంటాను. ఆదివారం వస్తే ఫోన్ పట్టుకుని, తీగల మీది చీరలనూ నీళ్ల డ్రమ్ములనూ టాక్సీల మీద పడుకున్న పిల్లులనూ తీసుకుంటూ తిరుగుతాను. ఎంతసేపూ పిల్లులేనా అని ప్రథమేశ్ ఎగతాళి చేస్తాడు. ఇంట్లో మనిషి ముఖం చూపించకపోతే పిల్లుల్ని కాక ఎవరిని తీయను? నర్సమ్మ గోడ చూసొచ్చినప్పటి నుంచీ నాకు ఒకటే దిగులు. రేపు అవ్వ పోతే మేమూ ఆ ఆధార్ బొమ్మకే దండ వేయాలి.

మర్నాడు పొద్దున చాయ్ తాగుతూ అవ్వే కదిపింది.

"పిల్లా, ఫోటువ తీస్తే అది ఏడికి పోతది?"

నేను నోరు తెరిచేలోపే ప్రథమేశ్ అందుకున్నాడు. ఫోన్ల సంగతి ఎత్తితే ఆయనకు పూనకమే.

"ఏడికైనా పోతది అవ్వా! ఇట్ల తీసుడు, అట్ల పైన జమైతది. ఫోన్ పోయినా ఫోటో పోదు. విరార్‌ల కూసోని మా అమ్మ చూడొచ్చు, దుబాయ్‌ల కూసోని ఎవడన్న చూడొచ్చు."

"ఎవడన్ననా?"

"అంటే, మనం పంపినోళ్లు."

"వాళ్లు ఇంకొకనికి పంపితే?"

అవ్వ కప్పు కింద పెట్టింది. "అయితే నాకొద్దు. కార్డు మీదిదే పెట్టుకోండ్రి."

ప్రథమేశ్ డ్యూటీకి వెళ్లాక నేను వదల్లేదు. ఎందుకు వద్దో చెప్పమని పక్కన కూర్చున్నాను. అవ్వ గోకరకాయలు తుంచుతూ, ఎవరిదో సంగతి చెబుతున్నట్టు చెప్పింది.

"మీ మామ అప్పటికింక నడుస్తలేడు, సంక పిల్లగాడు. నేను తానం జేసి గడప మీద కూసోని తల దువ్వుకుంటున్న. ఒకడొచ్చిండు. మెడల ఇంత కెమెరా. నన్ను జూసి నవ్విండు. నేను గూడ నవ్విన. పిచ్చిదాన్ని, నవ్విన. టక్కుమనిపిచ్చి పోయిండు."

కొన్నాళ్లకు తాత పని చేసే బిల్డింగు దగ్గర గుమాస్తా ఒక ఇంగ్లీషు పత్రిక తెచ్చి చూపించాడట. అందులో అవ్వ. జుట్టు విరబోసుకుని, గడప మీద, నవ్వుతూ. కింద ఏం రాశారో ఆ గుమాస్తానే చదివి చెప్పాడు. అమ్ముడుపోయిన ఆడది గిరాకీ కోసం ఎదురు చూస్తోంది, అని.

మా పేట పేరు చెబితే బయటివాళ్ల కళ్లలో ఏం మెదులుతుందో నాకు తెలియనిదా? డాక్టరు దగ్గర నేనూ ముంబై సెంట్రల్‌లో ఉంటామనే చెబుతాను. ఈ ఊళ్లో ఇళ్లు కట్టడానికి వచ్చిన మన తెలుగు కామాటి కూలీల పేరే ఈ పేటకు పడింది, కానీ ఆ సంగతి ఎవడికీ అక్కర్లేదు. గడప మీద ఒక ఆడమనిషి కనిపిస్తే చాలు, మిగతా కథ వాళ్లే అల్లుకుంటారు. అయినా పక్క గల్లీల్లో ఆ పని చేసుకుని బతికే ఆడవాళ్లను మాత్రం అడిగి తీశారా ఎవరైనా?

"తాత ఏమన్నడు అవ్వా?"

"ఒక్క మాట అనలే. ఫాక్‌లాండ్ రోడ్ కాడికెళ్లి ఫోరస్ రోడ్ దాక పాత కాయిదాల దుకాన్లన్ని తిరిగి, ఆ పుస్తకం దొరికిన కాడికి కొనుక్కొచ్చిండు. వాటితోటే నీళ్లు కాగబెట్టుకోని తానాలు జేసినం." అవ్వ నవ్వబోయి ఆగింది. "ఎన్నని కాలవెడ్తడు? ఒకటి పాలమూరుల మన ఊరి దాక పోయింది. సొంత ఆడిబిడ్డ, తన బిడ్డ పెండ్లికి మమ్ముల పిలువలే. ఆయన సచ్చేదాక ఊరి గడప తొక్కలే."

ఇన్నేళ్లూ ఆ కొంగు వెనక ఉన్నది సిగ్గనుకున్నాను. కోపమని అప్పుడు తెలిసింది. నాకు ఏడుపు ఆగలేదు.

"అవ్వా, ఏడికీ పోని ఫోటో ఉంటే దిగుతవా?"

"గట్లాంటిది ఉంటదా?"

"ఉంటది."

"ఉంటే జూద్దాం," అంది అవ్వ, నమ్మకం లేని గొంతుతో.

మాటైతే ఇచ్చేశాను. ఇక కెమెరా వేట మొదలైంది. పెద్దది పనికిరాదు, మెడలో వేలాడేది చూస్తే అవ్వకు వాడే గుర్తొస్తాడు. అరచేతిలో ఇమిడేది కావాలి. ప్రథమేశ్‌కు సంగతంతా చెప్పాను. ఆయనకూ అప్పటిదాకా తెలియదు. ఆ తర్వాత ఆయనకు తెలిసిన పద్ధతిలో ప్రేమ చూపించడం మొదలుపెట్టాడు. పళ్లెంలో అన్నం చల్లారిపోతున్నా కెమెరాల వీడియోలే చూస్తూ కూర్చున్నాడు.

"ఇది జూడు మనాలీ. నలభై రెట్ల జూమ్. చంద్రుని మీద గుంతలు గూడ కనవడ్తయి!"

కూట్లో రాయి తీయలేనివాడు ఏట్లో రాయి తీస్తాడట. మా గదిలో ఒక గోడకు వీపు ఆనించి చెయ్యి చాస్తే ఎదుటి గోడ దగ్గరికొచ్చేస్తుంది. దూరమే లేని ఇంట్లో జూమ్ పెట్టుకుని ఏం చేయాలి? వెనక్కి జరిగే చోటు లేనివాళ్లకు కావలసింది వెడల్పుగా చూసే లెన్సు. ట్యూబ్‌లైట్ వెలుగులో కూడా ఫ్లాష్ కొట్టకుండా పని చేయాలంటే ఆ లెన్సు బాగా తెరుచుకోవాలి, లోపలి సెన్సర్ కాస్త పెద్దదై ఉండాలి. ఇవన్నీ ఉన్న చిన్న కెమెరాలు దొరుకుతాయి. కానీ దొరికిన ప్రతిదానికీ వైఫై ఉంది. బటన్ నొక్కితే ఫొటో ఫోన్‌లోకి ఎగిరి వస్తుందని దాన్నే గొప్పగా చెబుతున్నారు.

శనివారం ఫోర్ట్‌లో పాత కెమెరాలు అమ్మే మంగేష్ దుకాణానికి వెళ్లాం. వైఫై లేనిది కావాలనగానే ఆయన కళ్లద్దాలు తీసి నన్ను చూశాడు.

"కాయ్ సాంగతా తాయీ, ఏం చెబుతున్నారక్కా! అందరూ వైఫై ఉందా అని అడుగుతారు, మీరు లేనిది అడుగుతున్నారు."

ముందు ఒక కొత్త కెమెరా నా చేతిలో పెట్టాడు. ఎంత ముద్దుగా ఉందో చెప్పలేను. తేలిక, చురుకు. వెనకున్న తెర పైకి లేస్తుంది, ఫొటో దిగేవాళ్లు తమను తాము చూసుకోవచ్చు. వైఫై వద్దంటే సెట్టింగ్స్‌లో ఆపేసుకోవచ్చన్నాడు. నా మనసు దాని మీదే పడింది. ప్రథమేశ్ నా చెవి దగ్గర గొణిగాడు.

"ఇదే తీస్కో. బంద్ చేసి పెడ్దాం. లేదని చెప్పు, అవ్వకేం ఎర్క?"

ఒక్క నిమిషం నేనూ సరే అనబోయాను. అంత నచ్చింది నాకు. కానీ ఆ ఆఖరి మాట గొంతులో ముల్లులా గుచ్చుకుంది.

"ఆ దినం వచ్చినోడు గూడ గదే అనుకున్నడు ప్రథమేశ్. ఈమెకేం ఎర్క అని."

ఆయన ఆ కెమెరాను తనే తీసి మంగేష్‌కు తిరిగిచ్చేశాడు.

చివరికి ఎక్కడో వెనక అరలోంచి ఒక నల్లటిది బయటికొచ్చింది. పదేళ్లు దాటిన పాతది. అంచుల్లో రంగు పోయింది, నొక్కాక కాసేపు ఆలోచించుకుని గాని తీయదు. కానీ లెన్సు వెడల్పుగా చూస్తుంది, దుకాణంలోని మసక మూలను కూడా చక్కగా పట్టింది. వైఫై అన్న మాటే దాని ఒంటి మీద ఎక్కడా లేదు. దాన్నే తెచ్చుకున్నాం.

అవ్వ దాన్ని కూరగాయలు ఎంచినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీంట్లకెళ్లి పోదు గదా?"

"ఈ చిన్న కార్డులనే ఉంటది. తీసినంక కార్డు నువ్వే దాచుకో. నచ్చకపోతే ఈ చెత్తబుట్ట బొమ్మ నొక్కు, పోతది."

అవ్వ నమ్మలేదు. నేను ప్రథమేశ్‌ను తీసి చూపించాను. అవ్వ బుట్ట బొమ్మ నొక్కింది, ప్రథమేశ్ మాయమయ్యాడు. మళ్లీ తీయమంది, మళ్లీ నొక్కింది. మనవణ్ణి చెత్తబుట్టలో వేయడం అవ్వకు భలే నచ్చింది. ఆయన పళ్లికిలించినవీ, మూతి ముడుచుకున్నవీ అన్నీ పోయాక, "రేపు దిగుత," అంది.

ఆదివారం పొద్దున్నే లేచి కిటికీ పక్కన సామాను జరిపి, గోడకు ఉతికిన దుప్పటి కట్టి, స్టూలు వేశాను. వెలుగు ఎటు నుంచి పడాలో ముందు రోజే చూసి పెట్టుకున్నాను. అవ్వ స్నానం చేసి, ఆకుపచ్చ చీర కట్టుకుని వచ్చింది. స్టూలు వైపు చూడను కూడా చూడలేదు. గూట్లోంచి దువ్వెన తీసుకుని, తిన్నగా వెళ్లి గడప మీద కూర్చుంది. కూర్చుని జుట్టు ముడి విప్పింది.

"అవ్వా, ఈడ కూసో. వెలుగు మంచిగున్నది."

"గాడ గాదు. ఈడనే."

కెమెరా పట్టుకుని గల్లీలోకి దిగాను. ఎదురుగా పాల ప్యాకెట్ల వాళ్లు, నీళ్లు పడుతున్న వాళ్లు, పని దొరుకుతుందేమోనని నాకాకు, కూలీల అడ్డాకు, పోయే పాలమూరు కూలీలు. తెల్లబడిన జుట్టు భుజాల మీద పరుచుకుని అవ్వ దువ్వుకోవడం మొదలుపెట్టింది. ఎవరో దారిన పోయేవాడు ఆగి, సరదా పుట్టిందేమో, ఫోన్ పైకెత్తాడు. అవ్వ దువ్వెన వాడి వైపు చూపింది.

"ఓయ్! నన్ను అడిగినవా?"

భాష తెలియకపోయినా వాడికి అర్థమైంది. ఫోన్ జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. అవ్వ నా వైపు తిరిగింది.

"నువ్వు గూడ అడుగు."

"తియ్యనా అవ్వా?"

"తియ్యి." అని మళ్లీ ఆగింది. "నవ్వాల్నా, వద్దా?"

"నీ ఇష్టం."

అవ్వ కాసేపు ఆలోచించింది. కెమెరా కూడా అవ్వ లాగే ఆలోచించుకునే రకం కనుక తొందరేం లేదు. తర్వాత అవ్వ నవ్వింది. నేను నొక్కాను.

తీసినవన్నీ తెర మీద చూసి, తనకు నచ్చనివి ఒక్కొక్కటే బుట్టలో వేసేసింది. ఒకటి మిగిలింది. దాన్ని దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. ఇక కార్డు తీసివ్వమంటుందని, దాచుకోవడానికి చిన్న డబ్బీ కూడా సిద్ధం చేశాను.

"ఇగ దీన్ని పంపు," అంది అవ్వ.

"ఏడికి?"

"పాలమూరు. మా ఆడిబిడ్డ మనుమలకు, మనుమరాండ్లకు. ఊర్ల ఎంతమంది ఉన్నరో అంతమందికి. ఆ పుస్తకంల ఫోటువ తిరిగిన కాడల్ల ఇది గూడ తిరగాలె."

ప్రథమేశ్ నెత్తి పట్టుకున్నాడు. "అవ్వా! పోవద్దనే గదనే ముంబై అంత తిరిగి ఈ డొక్కు కెమెరా తెచ్చినం!"

"అవురా. నేను పొమ్మంటేనే పోవాలె," అంది అవ్వ.

కార్డు పెట్టి ఎక్కించడానికి మా ఇంట్లో కంప్యూటర్ లేదు. ఇక చేసేదేం లేక, కెమెరా తెరను నా ఫోన్‌తో ఫొటో తీశాను. అంచులో నా బొటనవేలు కూడా పడింది. తాత భుజం మీది చెయ్యి లాగా అదీ ఉండనీ అనుకున్నాను. ఊరి వాళ్లున్న గ్రూపు తెరిచి పంపబోతుంటే అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"కింద ఏమన్న రాస్తరు గదా?"

"ఏం రాయాల్నో చెప్పు."

అవ్వ జుట్టు ముడి వేసుకుంటూ చెప్పింది. "గంగాబాయి. లస్మయ్య పెండ్లాం. కామాటిపురల తన ఇంటి ముంగట తల దువ్వుకుంటున్నది."

అక్షరం పొల్లుపోకుండా కొట్టాను. "ఇంకేమన్న రాయాల్నా?"

"ఇంకేమున్నది?" అంది అవ్వ. "ఆ దినం గూడ గంతే గదా."