అర చుట్టు

సకల జనుల సమ్మె రోజుల్లో మణికొండ మొత్తం మీద బంద్ కోసం అందరికన్నా ఆత్రంగా ఎదురుచూసినవాడు ఉద్యమకారుడు కాదు, భీమవరం నుంచి వచ్చిన జశ్వంత్. అతని గొడవ రాష్ట్రం గురించి కాదు, ఒక నట్టు గురించి.

వాళ్ళ కారుకు టర్బో ఉంది. ఇంజనులోకి గాలిని బలవంతంగా ఊదే చక్రం అది. దాని పక్కనున్న నట్టు బిగిస్తే ఇంకా గట్టిగా ఊదుతుంది, కారు ఇంకా ఉరుకుతుంది. శ్రుతి మించితే మాత్రం ఇంజను లోపల టకటకా కొట్టుకుని పిస్టన్లు పగులుతాయి. అందుకే బుద్ధున్నవాడు అర చుట్టు బిగిస్తాడు, ఖాళీ రోడ్డు మీద గట్టిగా తొక్కుతాడు, గాలి ఒత్తిడి మీటరు చూసి, చెవి పెట్టి విని, అంతా బాగుంటేనే ఇంకో రోజు మరో అర చుట్టుకు వెళ్తాడు. కానీ గచ్చిబౌలిలో ఖాళీ రోడ్డు ఎక్కడ దొరుకుతుంది? ఆఫీసు బస్సుల మధ్య రెండో గేరు దాటడమే గగనం.

పైగా కారు భార్య వాసంతిది. ఆమె షరతు ఒక్కటే. "ఒకసారికి అర చుట్టు. అంతకు మించి తిప్పారో, తాళం మళ్ళీ మీ చేతికి రాదు." వాసంతి అన్నంత పనీ చేస్తుంది. ఆ తాళం లేని బతుకును జశ్వంత్ ఊహించుకోలేడు.

"ఎల్లుండి బంద్ ఖాయమేనా?" అని ఆఫీసులో పక్క సీటు రాజేందర్‌ను అడిగాడు. జనగామ మనిషి రాజేందర్‌కు ఆ ఆత్రం చూసి గుండె నిండిపోయింది.

"ఖాయమే అన్నా. ఆంధ్రోళ్లల్ల గూడ నీ అసొంటోడు ఉన్నడని మా అమ్మకు చెప్పిన."

జశ్వంత్ తల ఊపి, నట్టుకు సరిపడే పానా కొనడానికి వెళ్ళాడు.

బంద్ రోజు పొద్దున్నే రోడ్డు బోసిగా ఉంది. అర చుట్టు బిగించి తొక్కాడు. కారు హాయిగా దూసుకుపోయింది, ఇంజను కిక్కురుమనలేదు. అక్కడితో ఆగాల్సింది. మళ్ళీ బంద్ ఎప్పుడొస్తుందో ఏమో అన్న పాపిష్టి ఆలోచన వచ్చింది. బానెట్ ఎత్తి, ఏకంగా ఇంకో చుట్టున్నర బిగించాడు. ఇక తొక్కడమే తరువాయి అనుకుంటూ మలుపు తిరిగేసరికి రోడ్డంతా పొయ్యిలు.

వంటా వార్పు. అడ్డంగా రాళ్ళు పెట్టి, గుండిగలు ఎక్కించి జనం నడిరోడ్డు మీదే వండుతున్నారు. గరిటె పట్టుకుని రాజేందర్ ఎదురొచ్చాడు.

"అమ్మా, నేను చెప్పిన అన్న ఈయ్ననే. బంద్ కోసం కండ్లు కాయలు కాసేటట్టు చూసిండు."

అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. జనం చప్పట్లు కొడుతుంటే జశ్వంత్ తల దించుకున్నాడు. వినయం అనుకుని ఇంకా గట్టిగా కొట్టారు.

రాజేందర్ తల్లి కొమురమ్మ అతన్ని చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. చాయ్ కోసం రాజేందర్ పంపు స్టవ్వు ముట్టించి, బర్నరు వేడెక్కకముందే దబదబా పంపు కొట్టాడు. మంట భగ్గున లేచి జశ్వంత్ కనుబొమ్మలను నాకేసింది. అతను ఒక్క ఉదుటున గాలి మర వదులు చేశాడు.

"ఒకేసారి అంత కొడతారేంటండీ? కొంచెం కొట్టాలి. మంట చూడాలి. నీలంగా ఉంటేనే మళ్ళీ కొంచెం కొట్టాలి. తొందరపడితే స్టవ్వే పేలిపోతుంది," అని ఉపన్యాసం దంచాడు.

"మంచిగ చెప్పినవ్ బిడ్డా," అంది కొమురమ్మ. "గింత పైలమున్నోనివి, నీ బండి గూడ గిట్లనే చూసుకుంటవు గావచ్చు."

వచ్చిన చాయ్‌ను జశ్వంత్ పక్కన పెట్టేశాడు. తన మాటలకు తనకే సిగ్గేసింది. లేచి వెళ్ళి, అందరూ చూస్తుండగానే బానెట్ ఎత్తి, చుట్టున్నరా వెనక్కి తిప్పేశాడు. పప్పన్నం తిని మెల్లగా ఇంటికి చేరాడు.

తలుపు తీసిన వాసంతి అతని ముఖం చూసి నిలబడిపోయింది.

"కనుబొమ్మలేవండీ?"

"స్టవ్వు పేలబోయింది."

"కారు తీసుకెళ్తే స్టవ్వెందుకు పేలుతుంది?"

నట్టు ఇప్పుడు ఉండాల్సిన చోటే ఉంది. మధ్యలో జరిగింది మింగేస్తే సరిపోతుంది. కానీ కనుబొమ్మల్లేని ముఖంతో సగం నిజం చెప్తే అబద్ధంలాగే ఉంటుంది. జశ్వంత్ చుట్టున్నరతో సహా మొత్తం చెప్పేశాడు.

వాసంతి కిందికి వెళ్ళి, ఇంజను స్టార్ట్ చేసి చెవి పెట్టి విన్నది. పైకి వచ్చి చెయ్యి చాపింది. అతను తాళం ఇచ్చేశాడు. ప్రాణం పోయినట్టయింది.

భోజనాల దగ్గర ఆమే అడిగింది.

"మళ్ళీ బంద్ ఎప్పుడట?"

"ఎందుకు?" అన్నాడు ఆశగా.

"రెండో అర చుట్టు నేను చూస్తాను. దారిలో మిమ్మల్ని కొమురమ్మగారి దగ్గర దింపుతాను, స్టవ్వు చూసుకోండి."